ప్రశ్న–జవాబు: దేవుడు నాకప్పగించిన పనిలో నేనున్నానా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజ్‌ల్లో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి, దేవుడు నా బతుక్కి పెట్టిన ఉద్దేశం ఏంటి, నేను దాంట్లోనే ఉన్నానా లేక దారి తప్పానా అని. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి ఉంచి ఈసారి వీటినే తీసుకున్నా. పేర్లు వెయ్యట్లేదు, ఊళ్లు కూడా కొంతమంది వద్దన్నారు.

ప్రశ్న: అక్కా, వందనాలు. నాకు 29 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్, పెళ్లయి రెండేళ్లయింది, మా ఆవిడకి ఇప్పుడు ఆరో నెల. మొన్న ఉజ్జీవ కూడికల్లో వాక్యం చెప్పడానికొచ్చిన దైవజనులు నన్ను ముందుకి పిలిచి తల మీద చెయ్యి పెట్టి, నువ్వు కంప్యూటర్ ముందు కూర్చోడానికి పుట్టలేదు, ఆలస్యం చేస్తే దేవుడు నీ బదులు ఇంకొకర్ని లేపుతాడు అన్నారు. అప్పట్నుంచి ఆఫీసులో మనసు నిలవట్లేదు. నోటీస్ పీరియడ్ మూడు నెలలు కాబట్టి ఇప్పుడే రిజైన్ చేసేద్దామనుకుంటున్నా. ఫ్లాట్ లోన్ ఉంది, నాన్న మందులు నా జీతం మీదే నడుస్తాయి. మా ఆవిడ ఏడుస్తోంది. విశ్వాసంతో అడుగేస్తే దేవుడే చూసుకుంటాడు కదా అక్కా? దేవుడు పంపిన చోటికి వెళ్లకుండా పారిపోయిన యోనాలాగా నేనూ పారిపోతున్నానేమో అని భయంగా ఉంది.

జవాబు: తమ్ముడూ, నీ ఆశ మంచిది, దాన్ని చల్లార్చే మాట నా నోట రాదు. కానీ రిజైన్ మాత్రం ఇప్పుడు చెయ్యకు.

ప్రవచనాన్ని తోసెయ్యొద్దు అన్న పౌలే వెంటనే అన్నిటినీ పరీక్షించమని కూడా రాశాడు, థెస్సలొనీక మొదటి పత్రిక అయిదో అధ్యాయంలో పక్కపక్కనే ఉంటాయి ఆ రెండు మాటలూ. నీ తల మీద చెయ్యి పెట్టినాయనకి మీ నాన్న వేసుకునే మందుల సంగతి తెలీదు, నీ భార్య ఆరో నెల గర్భిణి అని తెలీదు, రేపు నువ్వు ఇబ్బందిపడితే ఆయన వేరే ఊళ్లో వేరే కూడికలో ఉంటాడు. నిన్ను చిన్నప్పట్నుంచీ చూసిన మీ సంఘం పెద్దలు ఏమంటున్నారు? నువ్వు రాసిన దాంట్లో వాళ్ల ఊసే లేదు. అంతియొకయలో బర్నబానీ, సౌలునీ (ఈ సౌలే తర్వాత పౌలు) పంపినప్పుడు ఎలా జరిగిందో అపొస్తలుల కార్యాలు 13 తీసి చూడు, అయిదుగురు బోధకులున్న సంఘం ఉపవాసంలో ఉండగా పరిశుద్ధాత్మ చెప్పాడు, సంఘమే చేతులుంచి పంపింది, పైగా ఆ ఇద్దరూ అప్పటికే ఆ ఊళ్లో ఒక సంవత్సరమంతా కూర్చుని జనానికి వాక్యం నేర్పినవాళ్లు. అంటే పని చేస్తున్నవాళ్లనే ఇంకో పనికి పంపారు, ఖాళీగా ఉన్నవాళ్లని కాదు.

ఆలస్యం చేస్తే ఇంకొకర్ని లేపుతాడు అన్న మాట గురించి కూడా చెప్పాలి, అది నాకు అస్సలు నచ్చలేదు. దేవుడు భయపెట్టి తొందరపెట్టే అప్పులవాడు కాదు. దావీదు తల మీద సమూయేలు నూనె పోశాక ఏం జరిగింది? దావీదు మళ్లీ గొర్రెల దగ్గరికే వెళ్లాడు. అప్పటి రాజు సౌలు మనుషులు వెతుక్కుంటూ వచ్చినప్పుడు కూడా గొర్రెల దగ్గరున్న నీ కొడుకుని పంపు అని యెష్షయిని అడిగారు. రాజుగా అభిషేకం అయిపోయింది, చేతిలో మాత్రం అదే కర్ర, ముందు అవే గొర్రెలు. గొల్యాతు కథ మనకి సండే స్కూల్ నుంచి నోటికొచ్చు గానీ అందులో ఒక చిన్న సంగతి మనం దాటేస్తాం, తండ్రి పంపితే యుద్ధభూమికి బయల్దేరిన రోజు దావీదు తెల్లారే లేచి ముందు ఆ గొర్రెల్ని ఒక కాపరికి అప్పగించి అప్పుడు వెళ్లాడు (1 సమూయేలు 17:20). నేను నిన్నడిగేది కూడా అదే, నీ గొర్రెల్ని ఎవరికి అప్పగించి వెళ్తున్నావ్? నాన్న మందులు, పుట్టబోయే బిడ్డ, బ్యాంకు ఈఎంఐ, వీటికి ఒక కాపరిని చూపించు, అప్పుడు మాట్లాడదాం.

దేవుడికి ఇచ్చేశాం అని చెప్పి అమ్మానాన్నల్ని చూడకపోవడం యేసు ప్రభువుకి ఎంత కోపం తెప్పించిందో మార్కు 7లో కొర్బాను అని చెప్పుకునేవాళ్ల గురించి చదివితే తెలుస్తుంది. సొంత ఇంటివాళ్లని పోషించనివాడు అవిశ్వాసి కంటే చెడ్డవాడు అని రాసింది సంసారాన్ని ప్రేమించిన బలహీనుడెవరో కాదు, సువార్త కోసం ప్రాణాన్నే లెక్కచెయ్యని పౌలు. ఆ పౌలే కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో ఉండి డేరాలు కుట్టాడు.

మరి అన్నీ వదిలి వెళ్లమని దేవుడు ఎవరినీ పిలవడా అంటే, పిలుస్తాడు. దోర్నకల్ బిషప్ అజరయ్య గారు తమిళాయన, వైఎంసిఏలో దేశమంతా తిరిగే పేరున్న సెక్రటరీ. 1903లో తిరునెల్వేలివాళ్లతో కలిసి ఒక మిషనరీ సంఘం పెట్టారు, ఆ సంఘం దోర్నకల్ వైపు మన తెలుగు పల్లెలకి మనుషుల్ని పంపింది, చివరికి 1909లో ఆయనే పాదిరిగా అక్కడికి వచ్చేశారు. అప్పటికి 35 ఏళ్లు, ఆ వయసులో తెలుగు నేర్చుకుని మనవాళ్ల మధ్య కూర్చున్నారు. 1912లో కలకత్తాలో బిషప్పుగా అభిషేకం అయింది, ఆంగ్లికన్ సంఘంలో బిషప్పయిన మొదటి భారతీయుడాయన, 1945లో కన్నుమూసేదాకా దోర్నకల్ బిషప్పే. కానీ చూడు తమ్ముడూ, ఆయన కూడా ఒక్క రాత్రి కూడిక విని బయల్దేరిపోలేదు, ఏళ్ల తరబడి ఆ భారాన్ని మోసి, దానికోసం మనుషుల్ని పంపి, కానుకలు పోగుచేసి, అప్పుడు తనే కదిలాడు.

కాబట్టి ఇలా చెయ్యి. ముందు మీ ఆవిడ పక్కన కూర్చుని ఆవిడ భయాలన్నీ విను, మధ్యలో వాక్యం చెప్పి నోరు మూయించకు. ఆవిడకి ఇచ్చిన మాట కూడా దేవుడి ముందు ఇచ్చిందే. తర్వాత మీ పాస్టర్ గారి దగ్గరికెళ్లి నాకు ఈ సంఘంలో ఒక పని ఇవ్వండి అని అడుగు, స్టేజీ పని కాదు, ఆదివారం పొద్దున పిల్లల క్లాసో, గాంధీ హాస్పిటల్ వార్డుల్లో రోగుల్ని పలకరించే పనో. వాక్యం చదవాలంటే ఉద్యోగం చేస్తూ చదివే బైబిల్ కోర్సులు బోలెడున్నాయి. బిడ్డ పుట్టి నడిచేదాకా ఇలా సాగనివ్వు, లోన్ సంగతి తేల్చుకో, ఫ్లాట్ అమ్మాల్సొస్తే ఇద్దరూ ఒప్పుకునే అమ్మండి. అప్పటికీ ఆ మంట ఆరకపోతే, మీ పెద్దలు కూడా అవును ఇతన్ని పంపాలి అంటే, అప్పుడు వెళ్లు, ఎవరు ఆపినా ఆగకు, నేనే నీకోసం ప్రార్థన పెట్టిస్తా.

ఈలోపు ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది కూడా దేవుడి ఎదుటే. చెయ్యని గంటలు టైమ్‌షీట్‌లో రాయమంటే రాయకు, ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టిన ఫ్రెండ్ నీ రిఫరెన్స్ అడిగితే ఇవ్వకు, టీమ్‌లో కొత్తగా చేరిన పిల్ల తప్పు చేస్తే మీటింగ్‌లో అందరి ముందూ దాని మీదికి నెట్టకు. రేపు పుల్పిట్ మీద ఏ నోటితో మాట్లాడతావో ఆ నోరు ఇప్పుడు అక్కడ తయారవుతోంది.

ప్రశ్న: నేను బీఎస్సీ సెకండియర్. మా యూత్ మీటింగ్‌లో అందరూ మా పర్పస్ ఇది అని చెప్తారు, ఒకళ్లు మిషనరీ అంటారు, ఒకళ్లు వర్షిప్ లీడర్ అంటారు. నాకు ఏ దర్శనమూ రాలేదు, ఏ స్వరమూ వినబడలేదు. దేవుడు నా గురించి ఏమీ అనుకోలేదేమో ఆంటీ.

జవాబు: అమ్మలూ, స్వరం వినబడని వాళ్లే ఎక్కువమంది, బైబిల్లో కూడా. రూతుకి ఏ దర్శనం వచ్చింది? అత్తని వదలనంది, పొద్దున్నే లేచి పరిగె ఏరుకోడానికి పోయింది, అంతే, ఆ పొలం యజమానితోనే పెళ్లయి ఆ వంశంలోనే దావీదు పుట్టాడు. “చేయుటకు నీ చేతికి వచ్చిన యే పనినైనను నీ శక్తిలోపము లేకుండ చేయుము” అని ప్రసంగి 9:10. నీ చేతికి ఇప్పుడు వచ్చింది రికార్డులు రాయడం, ల్యాబ్, ఇంట్లో అమ్మకి సాయం, హాస్టల్లో ఏడ్చే రూమ్మేట్. వాటిని కాపీ కొట్టకుండా విసుక్కోకుండా చెయ్యి. మూడేళ్ల తర్వాత ఏం చెయ్యాలో ఇప్పుడే తెలియాల్సిన పన్లేదు, అబ్రాహాముకే ఎక్కడికి వెళ్తున్నాడో తెలీకుండా బయల్దేరాడని హెబ్రీ పత్రికలో ఉంది. యూత్ మీటింగ్‌లో అందరితో పాటు నువ్వూ ఏదో ఒకటి చెప్పాలని మాత్రం కల్పించి చెప్పకు తల్లీ, నాకింకా తెలీదు అని చెప్పే ధైర్యం చాలు.

ప్రశ్న: అమ్మగారూ, ప్రభువు నామంలో వందనాలు. ప్రకాశం జిల్లాలో ఒక పల్లెలో 14 ఏళ్లుగా సేవ చేస్తున్నా. ఆదివారం 35, 40 మంది వస్తారు, వానొస్తే ఇరవై. రేకుల షెడ్డే మందిరం. నాతోపాటు బైబిల్ కాలేజీలో చదివినాయనకి ఇప్పుడు సిటీలో పెద్ద సంఘం, యూట్యూబ్‌లో లక్షలమంది చూస్తారు. నా దగ్గరికి వచ్చెయ్, నెలకింత అని ఇస్తా అంటున్నాడు. పిల్లల ఫీజులు కట్టలేకపోతున్నా. ఒక్కోసారి రాత్రిళ్లు నిద్రపట్టదు, దేవుడు నన్ను వాడుకోవడం మానేశాడా, లేక నేనే వాడుకోలేని పాత్రనా అని. వెళ్లిపోతే తప్పా అమ్మగారూ?

జవాబు: అయ్యగారూ, వెళ్లడం పాపం అని నేను చెప్పను, దేవుడు మనుషుల్ని ఊరు మారుస్తాడు. కానీ 40 మందే ఉన్నారు కాబట్టి దేవుడు వాడుకోవట్లేదు అనే లెక్క మీద మాత్రం వెళ్లకండి, ఎందుకంటే ఆ లెక్క తప్పు. తప్పు అని చెప్పడానికి దూరం పోనక్కర్లేదు, మీ జిల్లా చరిత్రే ఉంది.

అమెరికా బాప్టిస్టులు తెలుగువాళ్ల కోసం డే గారిని 1835లో పంపారు, 1840కి నెల్లూరు చేరారు. అక్కణ్నుంచి పాతికేళ్ల పాటు చెప్పుకోడానికి ఏమీ లేదు. 1853లో అమెరికాలో వాళ్ల పెద్ద మీటింగులో ఈ మిషన్ మూసేద్దామా అన్న చర్చ వచ్చింది. 1862లో మళ్లీ వచ్చింది, అప్పుడు మిషనరీ జ్యూయెట్ గారు మీరు సాయం చెయ్యకపోయినా నేను తిరిగి తెలుగువాళ్ల దగ్గరికే వెళ్తా అన్నారు. ఆ మధ్యలో 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆయనా, ఆయన భార్యా, మన తెలుగువాళ్లు ముగ్గురూ ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు, అందరూ కలిపితే అయిదుగురు, మీ సంఘంలో వానొచ్చిన ఆదివారం వచ్చేవాళ్లలో నాలుగో వంతు. ఆ కొండని ఇప్పటికీ ప్రార్థన కొండ అనే అంటారు, మీరు ఎక్కే ఉంటారు. తర్వాత మిషనరీ క్లౌ గారొచ్చి 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలుపెట్టినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

తర్వాత 1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు. క్లౌ గారు కుర్రతనంలో అమెరికాలో భూములు కొలిచే సర్వే పని చేసినాయన, ఆ పనితనమే ఇక్కడ అక్కరకొచ్చింది, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల ముక్క తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి చూపించారు. మన తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలు, పగలు మట్టి తవ్వించి విశ్రాంతి వేళ ఆ కూలీల మధ్యే కూర్చుని ప్రభువు మాట చెప్పేవాళ్లు. జనం బాప్తిస్మం ఇవ్వమని వస్తే క్లౌ గారు ఇవ్వనన్నారు! కరువు సాయం పంచుతున్నంత కాలం ఒక్కరికీ ఇవ్వలేదు, గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. ఇది నాకు ఎప్పుడు గుర్తొచ్చినా ఆశ్చర్యమే, ఎందుకంటే పై నుంచి మిషన్ మూసేస్తామన్న మాట విన్న చోట, సంఖ్య కోసం పాతికేళ్లు ఎదురుచూసిన చోట, సంఖ్య తనంతట తనే వచ్చి గుమ్మం ముందు నిలబడితే ఆగమన్నారు. సాయం అయిపోయింది ఇక ఇచ్చేదేమీ లేదు అని చెప్పాక కూడా వచ్చారు జనం. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి ఇచ్చారు, క్లౌ గారు ఆ రోజు ఒక్కరికీ తన చేత్తో ఇవ్వలేదు.

మీకూ రెండు వేలమంది వస్తారని చెప్పడానికి ఇదంతా చెప్పలేదు అయ్యగారూ, అలా చెప్పేవాళ్లని నమ్మకండి కూడా. డే గారు ఆ జులై చూడకుండానే 1871లో పోయారు. ఆయన నమ్మకంగా ఉన్నారా లేదా అన్నది 1878 తేల్చాల్సిన విషయం కాదు, నెల్లూరులో ఎవరూ వినని రోజుల్లోనే తేలిపోయింది. యిర్మీయా ప్రవక్త దగ్గర రాతగాడు బారూకుని చూడండి, ఏళ్ల తరబడి పలికిన ప్రవచనాల్ని యిర్మీయా చెప్తుంటే సిరాతో రాశాడు, రాజు యెహోయాకీము చలికి కుంపటి ముందు కూర్చుని ఆ చుట్టని కత్తితో కోసి కోసి నిప్పుల్లో వేశాడు. మళ్లీ మొదట్నుంచి రాయాల్సొచ్చింది. అలాంటి మనిషికి దేవుడు చెప్పిన మాట ఏంటంటే “నీ నిమిత్తము నీవు గొప్పవాటిని వెదకుచున్నావా? వెదకవద్దు”, నీ ప్రాణం కాపాడతాను అని అంతే. కఠినంగా ఉంటుంది గానీ, ఆ రెండోసారి రాసిన చుట్ట వల్లే ఇవాళ మీరూ నేనూ ఆ మాటలు చదువుతున్నాం.

ఇప్పుడు ఫీజుల సంగతి, ఇది ప్రార్థనతో దాటేసే విషయం కాదు. పనివాడు జీతానికి పాత్రుడు అని వాక్యమే చెప్తోంది, మీరు మాత్రం సంఘంతో ఈ మాట ఎప్పుడైనా ఎత్తారా? పల్లె సేవకులు చాలామంది అడగరు, అడిగితే ఆశ అనుకుంటారేమో అని లోపల్లోపలే కుమిలిపోయి ఒకరోజు చెప్పకుండా వెళ్లిపోతారు. మీ పెద్దల్ని ముగ్గుర్ని కూర్చోబెట్టి కానుకల పుస్తకం, మీ ఇంటి ఖర్చుల పుస్తకం రెండూ తెరిచి చూపించండి, అమ్మగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, అవమానం అనుకోకండి. వాళ్లూ కూలీలే, నగదు లేకపోతే బియ్యం, కందులు, కోతలప్పుడు బస్తా ఇస్తామనొచ్చు. అయినా చాలకపోతే వారంలో కొన్ని రోజులు ట్యూషనో ఇంకో పనో చేసుకోండి, అది సేవకి మచ్చ కాదు. ఇవన్నీ చేశాక కూడా కుటుంబం నిలవకపోతే, మీ స్థానంలో ఇంకొకర్ని చూసి నిలబెట్టి, సంఘానికి చెప్పి, ప్రార్థనతో వెళ్లండి, ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. కానీ స్నేహితుడి వ్యూస్ చూసి అర్ధరాత్రి పూట నిర్ణయం తీసుకోకండి. పాము కరిచిందని తెల్లవారుజామున మీ తలుపు కొట్టేవాళ్లకి ఆ యూట్యూబ్ ఛానల్లో తట్టే తలుపు లేదు.

ప్రశ్న: నేను గవర్నమెంట్ హాస్పిటల్లో స్టాఫ్ నర్సుని. నైట్ డ్యూటీలు, ఆదివారం డ్యూటీలు తప్పవు. నెలలో రెండు ఆదివారాలే మందిరానికి వెళ్లగలుగుతున్నా. మా సంఘంలో కొంతమంది ఆమె వెనకబడిపోయింది, లోకంలో పడిపోయింది అంటున్నారు. నాకు సేవ చెయ్యాలని ఉంటుంది కానీ టైమ్ ఎక్కడిది?

జవాబు: సిస్టర్, మీకు సేవకి టైమ్ లేకపోవడం ఏంటి, మీరు రాత్రంతా చేస్తున్నది ఏంటి?

గుంటూరులో కుగ్లర్ హాస్పిటల్ పేరు వినని వాళ్లుండరు. డాక్టర్ అన్నా కుగ్లర్ గారు 1883లో వచ్చారు, డాక్టరు చదివి వచ్చారు, కానీ పంపిన మిషన్ వాళ్లు అప్పటికి వైద్యం పని మొదలుపెట్టడానికి సిద్ధంగా లేరు, ఆడవాళ్ల మధ్య, ఆడపిల్లల బడుల్లో పని చెయ్యమన్నారు. ఆవిడ ఆ పనీ చేశారు, వచ్చిన రోగుల్నీ చూశారు. రెండేళ్లకి 1885లో ఆవిణ్ని మెడికల్ మిషనరీగా ఒప్పుకున్నారు, 1898లో ఆసుపత్రి తెరుచుకుంది, 1930లో ఆ గుంటూరులోనే కన్నుమూశారు. కట్టు కట్టడం ఒక పక్క, దేవుడి పని ఇంకో పక్క అని ఆవిడ ఎప్పుడూ విడదీయలేదు.

మీ వార్డులో పక్షవాతం వచ్చిన ముసలాయన్ని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే వీపు పుండు పడుతుంది, తిప్పారా లేదా అని రాత్రి మూడింటికి చూసేవాళ్లు ఎవరూ ఉండరు. బీపీ చూడకుండానే 120/80 అని చార్టులో రాసేసినా పొద్దున డాక్టర్ గారు సంతకం పెట్టేస్తారు. అక్కడ మీరు మంచం మంచం దగ్గరికి వెళ్లి, పట్టీ కట్టి, చూసి, ఉన్న నంబరే రాస్తే అది నమ్మకత్వం సిస్టర్. “గృహనిర్వాహకులలో ప్రతివాడును నమ్మకమైనవాడై యుండుట అవశ్యము” అన్న వాక్యం పాస్టర్లకి మాత్రమే కాదు. డబ్బులివ్వలేని వాళ్ల మీద విసుక్కోకుండా ఉండటం కూడా దాంట్లోదే, అది ఎంత కష్టమో 60 మంచాలకి ఇద్దరు నర్సులున్న వార్డు చూసినవాళ్లకి తెలుసు.

అలాగని కూడుకోవడం మానెయ్యొద్దు, డ్యూటీ సాకు చూపించి మెల్లగా దూరమైపోయేవాళ్లూ ఉన్నారు, మనసు ఎండిపోయేది అప్పుడే. ఆదివారం కుదరకపోతే బుధవారం కూడికకో శుక్రవారం ఉపవాస ప్రార్థనకో వెళ్లండి. మీ రోస్టర్ ఒక కాపీ పాస్టర్ గారికి ఇవ్వండి, ఏ రాత్రి మీరు డ్యూటీలో ఉన్నారో తెలిస్తే ఆ రాత్రి మీకోసం, మీ పేషెంట్ల కోసం సంఘం ప్రార్థన చెయ్యొచ్చు. ఇది చదువుతున్న సంఘ పెద్దలకి కూడా నా మనవి, మీ సంఘంలో నర్సులు, పోలీసులు, ఆర్టీసీ కండక్టర్లు ఎవరున్నారో చూసుకోండి, వాళ్లని వెనకబడ్డవాళ్లు అనే ముందు ఒక్కసారి వాళ్ల డ్యూటీ చార్ట్ అడగండి.

ప్రశ్న: రిటైర్డ్ తెలుగు మాస్టారిని, వయసు 66. ముప్పై ఏళ్లు సంఘ సెక్రటరీగా ఉన్నా, ఇప్పుడు కుర్రవాళ్లకి ఇచ్చేశారు. ఆదివారం వెళ్లి కూర్చుని రావడమే. నా పని అయిపోయినట్టేనా?

జవాబు: మాస్టారూ, పదవి అయిపోయింది, పని అవ్వలేదు. గుంటూరులో లూథరన్ మిషన్ మొదలుపెట్టిన హయ్యర్ గారు 1842లో వచ్చినాయన, ముసలితనంలో రాజమండ్రి మిషన్‌ని వేరేవాళ్లకి అప్పగించేస్తున్నారని తెలిసి, 1869లో 76 ఏళ్ల వయసులో నేను వెళ్తాను అని మళ్లీ ఓడెక్కారు. కుర్ర మిషనరీలకి పని అప్పగించి 1871లో తిరిగెళ్లిపోయారు, రెండేళ్లకి చనిపోయారు. ఆ చివరి రాకలో ఆయన చేసింది కుర్రవాళ్లకి దారి చూపించి పక్కకి తప్పుకోవడం, అది మీకు బాగా పనికొస్తుందని చెప్తున్నా. ఇంకో మాట, మీరు తెలుగు మాస్టారు కదా, మీ సంఘంలో బైబిల్ సంచిలో పెట్టుకుని వస్తారు గానీ చదవడం రాని ఆడవాళ్లు ఎంతమందున్నారో ఈ ఆదివారం గమనించండి. వారానికి రెండు సాయంత్రాలు, ఒక నల్లబల్ల, మార్కు సువార్త. కొత్త సెక్రటరీ లెక్కల్లో తడబడితే మాత్రం అడిగినప్పుడే చెప్పండి, అడక్కముందు వద్దు.

ప్రశ్న: అక్కా, నేను మా సంఘంలో చిన్నప్పట్నుంచీ క్వైర్‌లో పాడేవాణ్ని, తర్వాత పిల్లలకి నేర్పేవాణ్ని, దేవుడు నన్ను దీనికోసమే పుట్టించాడని గట్టిగా నమ్మా. నాలుగేళ్ల కింద బిల్డింగ్ ఫండ్ లెక్కలు అడిగానని కమిటీలో ఒకాయన అందరి ముందూ నానా మాటలన్నాడు. కోపంతో నేనూ అన్నా, ఆ రోజు నుంచి వెళ్లట్లేదు. వేరే సంఘాలు తిరిగా, ఎక్కడా కుదురుకోలేదు. ఇప్పుడు మళ్లీ పాడాలంటే గొంతు పెగలట్లేదు. దేవుడిచ్చింది నేను పారేసుకున్నట్టేనా?

జవాబు: తమ్ముడూ, పౌలు చివరి ఉత్తరం, తిమోతికి రాసిన రెండో పత్రిక నాలుగో అధ్యాయం, పదో వచనం, పదకొండో వచనం కలిపి చదువు. పదిలో దేమా, పౌలుతో కలిసి పనిచేసినవాడు, లోకాన్ని ప్రేమించి నన్ను వదిలి థెస్సలొనీకకి పోయాడు అంటాడు. దాని కిందే పదకొండులో మార్కుని వెంటబెట్టుకుని రమ్మంటాడు, “అతడు పరిచర్యనిమిత్తము నాకు ప్రయోజనకరమైనవాడు” అంటాడు. ఈ మార్కెవరు? మొదటి ప్రయాణంలో పంఫూలియలో పౌలునీ బర్నబానీ వదిలేసి ఇంటికెళ్లిపోయినవాడు. ఇతని గురించే పౌలు, బర్నబా పోట్లాడుకుని విడిపోయారు. తీసుకెళ్లనే తీసుకెళ్లను అన్న పౌలే ముసలితనంలో జైల్లో కూర్చుని అతన్ని తీసుకురా అంటున్నాడు. మధ్యలో బర్నబా అతన్ని వదల్లేదు, వెంటబెట్టుకుని కుప్రకి ఓడెక్కాడు, మళ్లీ పనిలో పెట్టాడు. వదిలేసిన ఇద్దరి పేర్లూ ఒకే చోట ఉన్నాయి, ఒకడు తిరిగొచ్చాడు. పారేసుకున్నావా అంటే లేదు, నాలుగేళ్లు వాడకుండా ఉంచావు, అంతే.

నువ్వు లెక్కలు అడగడం తప్పు కాదు, ఇది స్పష్టంగా చెప్తున్నా, ఎందుకంటే క్షమించు అన్న పేరుతో ఆ ప్రశ్నని కూడా మింగేయమని నీకు చాలామంది చెప్పుంటారు. పౌలు కూడా యెరూషలేము పేదల కోసం కానుక తీసుకెళ్లేటప్పుడు తన మీద ఎవరూ తప్పు మోపకూడదని సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని వెంట పెట్టుకున్నాడు, కొరింథు రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయం. కాబట్టి ఆ రెండు సంగతుల్నీ విడదీయి. నువ్వు అన్న మాటలున్నాయే, వాటికి ఆయన ఇంటికెళ్లి క్షమాపణ అడుగు, ఆయన అన్నవాటి సంగతి ఎత్తకుండా. ఆయన తలుపు తెరవకపోయినా నీ వంతు తీరింది. మీ సంఘంలో బర్నబా లాంటి పెద్దాయన ఒక్కరైనా ఉంటారు, ఆయన్ని తోడు తీసుకెళ్లు, ఒక్కడివే వెళ్లకు.

క్వైర్‌లోకి వెంటనే ఎక్కొద్దు. వెళ్లి కింద అందరితో కలిసి కూర్చుని కీర్తనల పుస్తకం తెరిచి మామూలుగా పాడు, గొంతు ఏళ్లగా వాడలేదు కాబట్టి పగులుతుంది, పర్వాలేదు. పిల్లల క్లాసు ఖాళీగా ఉంటే ముందు అది అడుగు. బిల్డింగ్ ఫండ్ లెక్క మాత్రం సంఘం సర్వసభ్య సమావేశం పెట్టినప్పుడు కాగితం మీద రాసి, నీతోపాటు ఇంకో ఇద్దరు సభ్యుల సంతకాలు పెట్టించి, కుర్చీలో ఉన్న అధ్యక్షుడికి ఇవ్వు, గొంతు పెంచకుండా.